ఉపగుత్త ధరపత్రాల పరిశీలన: పాఠవిమర్శ దృష్టితో ఒక పఠనం

వ్యాససంగ్రహం:

నిర్మాణరంగంలో ప్రధాన గుత్తేదారు తాను చేపట్టిన పనిని విభజించి చిన్న గుత్తేదారులకు అప్పగిస్తాడు. ఆ సందర్భంలో వారిచ్చే ధరలను పోల్చి ఒకరిని ఎంపిక చేయడం వాణిజ్యశాస్త్రానికి, ఇంజనీరింగుకు చెందిన విషయంగానే ఇంతవరకు భావించాం. ధరపత్రం కూడా ఒక లిఖిత పాఠమే. దానిలో లోపాలు, చేర్పులు, మౌనాలు ఉంటాయి. తాళపత్ర ప్రతులను పరిష్కరించడానికి తెలుగు పండితులు వాడిన పరిభాషతో ఆ పాఠాన్ని చదివితే ఏం తెలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. విడవలూరు ప్రాంతపు ఇళ్ల నిర్మాణాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకొని, తక్కువ ధర అన్నది నైపుణ్యానికి గుర్తు కావచ్చు, పొరపాటుకు గుర్తు కావచ్చు, అవసరానికి గుర్తు కావచ్చు అనీ, ఈ మూడింటినీ వేరుచేయని పరిశీలన అసంపూర్ణమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గుత్త, ఉపగుత్త, పాట, చీటీపాట, ధరపత్రం, పాఠవిమర్శ, గ్రంథపాతం, కూలి, విడవలూరు.

1. ప్రవేశిక:

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న సామెత తెలియని తెలుగువారు ఉండరు. కష్టమంతా ఇటుకలు పేర్చడంలో లేదు. ఎవరికి పని అప్పగించాలి, ఎంతకు అప్పగించాలి అన్న నిర్ణయంలో ఉంది. శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలో పెన్నకు ఉత్తరాన, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న విడవలూరు మండలంలో ఒక మామూలు ఇంటిని గమనించినా ఈ సంగతి తెలుస్తుంది. యజమాని ఒక మేస్త్రీతో మాట్లాడుకుంటాడు. ఆ మేస్త్రీ సెంట్రింగు ఒకరికి, కడ్డీల పని ఒకరికి, గోడలు ఒకరికి, పూతపని మరొకరికి ఇస్తాడు. వారి కింద కూలీలు ఉంటారు. కాగితం మీద ఒక్క ఒప్పందమూ లేకపోయినా ఇది ఉపగుత్తల వ్యవస్థే. పెద్ద ప్రాజెక్టుల్లో ఇదే వ్యవస్థ పట్టికలతో, సంతకాలతో కనిపిస్తుంది.

ఈ అంశం సాహిత్య విద్యార్థికి ఎందుకు అన్న ప్రశ్న సహజం. తాజమహలు కట్టిన కూలీల గురించి శ్రీశ్రీ 'దేశచరిత్రలు' కవితలో వేసిన ప్రశ్నను మనం తరగతి గదుల్లో ఏటా బోధిస్తున్నాం. ఆ ప్రశ్న కూలీ పేరు చరిత్రలో ఎందుకు లేదని అడుగుతుంది. ఆ కూలీకి, ఆ కట్టడానికి మధ్య ఎన్ని చేతులు ఉన్నాయి, ఏ చేతి దగ్గర ఎంత తగ్గింది అన్నది దాని తరువాతి ప్రశ్న. దానికి జవాబు కావ్యాల్లో దొరకదు, ధరపత్రాల్లో దొరుకుతుంది. ధరపత్రం చదవడం విమర్శకుడు నేర్చుకోవలసిన పనే అని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పదాల వెనుక పద్ధతులు:

ఈ రంగంలోని పదాలను ముందుగా పరిశీలించాలి. 'గుత్త' పాత మాట. 1852 నాటి సి.పి. బ్రౌన్ నిఘంటువులో ఒప్పందం, కౌలు అనే అర్థాల్లో కనిపిస్తుంది. దాని నుంచే 'గంపగుత్త' ఏర్పడింది. గంపలో ఏముందో విడివిడిగా లెక్కించకుండా మొత్తానికి ఒకే ధర కట్టడం గంపగుత్త. నేటి నిర్మాణ ఒప్పందాల్లో వివాదాలకు కారణమైన పద్ధతిని తెలుగు ఎప్పుడో ఒక్క సమాసంలో పట్టుకుంది. గంప కనిపిస్తుంది, గంపలోనిది కనిపించదు.

'వేలం', 'మేస్త్రీ' అన్న రెండు మాటలూ పోర్చుగీసు భాష నుంచి వచ్చాయని భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయం. ధర నిర్ణయించే పద్ధతికి, పని చేయించే మనిషికి మనం వాడే పేర్లు రెండూ సముద్రం మీదుగా వచ్చినవే. 'టెండరు', 'కాంట్రాక్టు' ఇంగ్లీషు పాలనతో వచ్చాయి. వేలానికి తెలుగువారు పెట్టుకున్న మరో పేరు 'పాట'. పాట పాడటం, పాట పెంచడం, ఒకరి పేర పాట కొట్టేయడం అన్నవన్నీ నోటితో పలికి, నలుగురూ వినే వ్యవహారాన్ని సూచిస్తాయి. టెండరు అందుకు భిన్నం. అది మూసిన కవరు. పాటలో పోటీదారుడు ఎదుటివాడి గొంతు వింటాడు. టెండరులో ఊహిస్తాడు. ఉపగుత్తల దగ్గరికి వచ్చేసరికి తరచుగా ఈ రెండూ కావు. ప్రధాన గుత్తేదారు ఒకరి ధరను రెండో వ్యక్తికి చూపి తగ్గించమంటాడు, రెండో వ్యక్తి ధరను మూడో వ్యక్తికి చూపి ఇంకా తగ్గించమంటాడు. వినిపించేది ఒక్కరికే, వినేది ఒక్కరే. పాటలోని బహిరంగత, టెండరులోని గోప్యత రెండూ ఇందులో లోపించాయి.

పాట ఎంత బహిరంగమైనా అందులో పాల్గొనని వారి మాటేమిటన్న ప్రశ్నను ఈ జిల్లాయే దేశం ముందుంచింది. దూబగుంటలో మొదలై 1992లో జిల్లా అంతటా వ్యాపించిన సారా వ్యతిరేక ఉద్యమంలో మహిళలు సారా దుకాణాల వేలంపాటలనే అడ్డుకున్నారు. ప్రభుత్వానికి ఆదాయం, గుత్తేదారుకు లాభం అన్న రెండు అంకెలే పాటలో ఉన్నాయి. ఇంట్లో పడే భారం ఏ అంకెలోనూ లేదు. 1993లో సారా నిషేధం వచ్చింది. నిర్మాణ ఉపగుత్తలకూ సారా పాటలకూ సామ్యం ఇంతవరకే. అయితే ధర నిర్ణయమయ్యే చోట లేనివారి మీద ఆ ధర భారం పడుతుందన్న ఎరుక రెండింటికీ అవసరం.

3. చీటీపాట చెప్పే సత్యం:

తక్కువ ధర చెప్పినవాడే సమర్థుడు అన్న భావన టెండరు విధానానికి పునాది. తక్కువ ఖర్చుతో చేయగలవాడే తక్కువ అడుగుతాడన్నది దీని వెనుక ఉన్న తర్కం. తెలుగువారికి చిరపరిచితమైన చీటీపాట ఈ తర్కాన్ని సందేహించడం నేర్పుతుంది. చీటీలో ఎక్కువ మొత్తం వదులుకొని పాట ఎత్తుకొనేవాడు సమర్థుడని ఎవరూ అనరు. అతనికి ఆ నెలలో డబ్బు అవసరమని అందరికీ తెలుసు. కూతురి పెళ్లో, ఆసుపత్రి ఖర్చో, అప్పు గడువో వెనుక ఉంటుంది. అవసరం మనిషిని హద్దు దాటించగలదు కాబట్టే చీటీ నిధుల చట్టం (1982) వదులుకొనే మొత్తానికి గరిష్ఠ పరిమితి విధించింది.

ఉపగుత్తలో తక్కువ ధర వెనుక కూడా ఇదే అవసరం ఉండవచ్చు. పాత పని బిల్లు రాలేదు. కూలీలకు బాకీ ఉంది. కొత్త పనికి వచ్చే అడ్వాన్సుతో పాత బాకీ తీర్చాలి. అటువంటి మేస్త్రీ ఎంతకైనా ఒప్పుకుంటాడు. అతని ధరలో కొత్త పని ఖర్చు కాదు, పాత పని అప్పు ప్రతిఫలిస్తుంది. పని సగంలో ఆగిపోయేది ఇటువంటి చోటే.

రెండో కారణం పొరపాటు. ఒకే పనికి పలువురు అంచనా వేసినప్పుడు అందరికంటే ఎక్కువగా తప్పు లెక్కించినవాడే గెలిచే అవకాశం ఉంది. చమురు క్షేత్రాల వేలాల ఆధారంగా కేపెన్, క్లాప్, కాంప్‌బెల్ అనే ముగ్గురు ఇంజనీర్లు 1971లో దీనిని వివరించారు. ఆర్థికశాస్త్రంలో ఇది 'విజేత శాపం'గా ప్రసిద్ధి పొందింది. మూడో కారణం నిజమైన నైపుణ్యం. సొంత చెక్కలు, అలవాటైన జట్టు, పక్క వీధిలోనే మరో పని ఉన్నవాడు న్యాయంగానే తక్కువకు చేయగలడు. పట్టికలో ఈ ముగ్గురి అంకెలూ ఒకేలా ఉంటాయి. వారిని వేరుచేయడమే పరిశీలకుడి పని.

4. ధరపత్రాన్ని పాఠంగా చదవడం:

ఈ వేరుచేయడానికి పాఠవిమర్శ ఉపకరిస్తుంది. ఒక కావ్యానికి నాలుగు ప్రతులు దొరికినప్పుడు పరిష్కర్త పద్యాల సంఖ్య చూసి ఒక ప్రతిని ఎంచుకోడు. బ్రౌన్ పండితులచేత చేయించినట్లు ప్రతులను పక్కపక్కన పెట్టి సరిపోల్చుతాడు. ఆ పరిభాషను ధరపత్రాలకు ఇలా అన్వయించవచ్చు.

గ్రంథపాతం: ప్రతిలో కొంత భాగం లేకపోవడం. ధరపత్రంలో ఒక పనిని ప్రస్తావించకుండా వదిలివేయడం దీనికి సమానం. ధర తక్కువగా కనిపించడానికి అతి సామాన్యమైన కారణం ఇదే.

ప్రక్షిప్తం: మూలంలో లేనిది చేర్చడం. 'ఇసుక ధర పెరిగితే అదనం', 'నీళ్లు యజమానివే' వంటి షరతులు ధర కింద చిన్న అక్షరాల్లో చేరుతాయి.

లేఖకదోషం: కూడికలో, కొలతల్లో, చదరపు అడుగులను చదరపు మీటర్లుగా రాయడంలో జరిగే తప్పు.

పాఠాంతరం: ఒకే మాటను ఇద్దరు వేర్వేరు అర్థాల్లో వాడటం. 'స్లాబు పని' అన్నప్పుడు ఒకరి దృష్టిలో కాంక్రీటు పోయడంతో పని ముగుస్తుంది. మరొకరి దృష్టిలో తడపడం, ఆధారాలు విప్పడం కూడా అందులో భాగమే.

లెక్క స్పష్టంగా ఉండటానికి ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. విడవలూరులో ఒక ఇంటికి స్తంభాలు, దూలాలు, స్లాబు వేయాలి. సామగ్రి యజమానిది. సెంట్రింగు, కడ్డీల కట్టుబడి, కాంక్రీటు పోతకు మొదటి మేస్త్రీ 1,80,000 రూపాయలు, రెండో మేస్త్రీ 1,52,000, మూడో మేస్త్రీ 1,68,000 అడిగారు. పైపై చూపుకు రెండో మేస్త్రీదే పని. పత్రాలను పక్కపక్కన పెట్టి చదివితే మొదటి పత్రంలో అన్నీ ఉన్నాయి. రెండో పత్రంలో సన్‌షేడ్ల పని లేదు (విలువ 14,000), తడిపే కూలి లేదు (9,000), కట్టుతీగ, కవర్ బ్లాకులు లేవు (6,000). మూడో పత్రంలో ఈ చివరి రెండింటిలో కట్టుతీగ మాత్రమే లేదు (4,000). గ్రంథపాతాలను పూరిస్తే మొదటిది 1,80,000, రెండోది 1,81,000, మూడోది 1,72,000 అవుతాయి. అన్నిటికంటే చౌకగా కనిపించినది అన్నిటికంటే ఖరీదైనదిగా తేలింది.

ఇక్కడ పాఠవిమర్శ నేర్పే మరో రెండు నియమాలు గుర్తుంచుకోవాలి. సులభమైన పాఠం కంటే క్లిష్టమైన పాఠమే మూలానికి దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువన్నది ఒకటి. వివరాలు లేని నున్నని మొత్తం కంటే చిన్నచిన్న అంశాలుగా విడగొట్టిన ధరపత్రం నమ్మదగినది. పరిష్కర్త లోపించిన పాదాన్ని తానే పూరిస్తే అది అతని రచన అవుతుంది తప్ప కవి రచన కాదన్నది రెండోది. అలాగే పరిశీలకుడు పై లెక్కను తన కోసం వేసుకోవచ్చుగాని, ఒప్పందానికి ముందు ఆ ఖాళీ గురించి మేస్త్రీనే అడగాలి. ఒకరిని అడిగిన ప్రశ్న అందరినీ అడగాలి. ఒకరి జవాబును మరొకరికి చూపకూడదు.

5. ఉప్పుగాలి, కనిపించని మందం:

ధరపత్రంలో అసలు కనిపించని గ్రంథపాతాలు కూడా ఉన్నాయి. రామతీర్థం, ఊటుకూరు వంటి కడలి అంచు గ్రామాల్లో కాంక్రీటుకు ప్రధాన శత్రువు ఉప్పు. గాలిలోని లవణాలు కాంక్రీటు పొరగుండా కడ్డీని చేరితే తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచి పగులగొడుతుంది. అందుకే భారతీయ ప్రమాణం ఐఎస్ 456 (2000) తీరప్రాంత వాతావరణానికి గురయ్యే కాంక్రీటును 'తీవ్ర' పరిస్థితిలో చేర్చి, కనీసం ఎం30 శ్రేణి కాంక్రీటు, కడ్డీపై 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలని నిర్దేశించింది. సౌమ్య వాతావరణంలో 20 మిల్లీమీటర్లు సరిపోతుంది.

ఈ రెండు అంకెల మధ్య తేడా 25 మిల్లీమీటర్లు, అంటే ఒక అంగుళం. కాంక్రీటు పోసిన తరువాత ఆ అంగుళం ఉందో లేదో పైకి చూసి ఎవరూ చెప్పలేరు. కవర్ బ్లాకుల బదులు కంకరరాయి పెట్టి కడ్డీని నిలబెట్టిన మేస్త్రీకి, బ్లాకులు పెట్టిన మేస్త్రీకి ధరలో స్వల్పమైన తేడాయే ఉంటుంది. కొన్నేళ్ల తరువాత స్లాబు పెచ్చులు ఊడుతున్నప్పుడు ఆ తేడా బయటపడుతుంది. పై ఉదాహరణలో రెండో పత్రం వదిలేసిన 6,000 రూపాయల వరుస ఇదే. పత్రాన్ని విలువ కట్టేటప్పుడు అంశం ఖరీదును కాక, అది లేకపోతే కలిగే నష్టాన్ని చూడాలనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఈ తీరంలో దొరకదు.

6. కూలి అనే చివరి అంకె:

పాఠవిమర్శతో పోలిక ఒక చోట ఆగిపోతుంది. పరిష్కర్త ఒక ప్రతిని తప్పుగా చదివితే నష్టపోయేది కావ్యం. ఆ ప్రతిని రాసిన లేఖకుడి కూడు పోదు. ధరపత్రాన్ని తప్పుగా చదివితే పోయేది మనుషుల కూలి.

పై ఉదాహరణలో సామగ్రి యజమానిదని చెప్పుకున్నాం. అటువంటి ఉపగుత్త ధరలో చెక్కల అద్దె, మేస్త్రీ వంతు పోగా మిగిలేదంతా కూలి. మూడో మేస్త్రీ 1,68,000లో అద్దెకూ తన వంతుకూ 50,400 పోతాయనుకుంటే మిగిలేది 1,17,600. పనికి 168 పనిదినాలు పడితే రోజుకు 700 రూపాయలు. ఇప్పుడు యజమాని రెండో మేస్త్రీని పిలిచి, వదిలేసిన పనులన్నీ కలిపి అదే 1,52,000కు చేయమన్నాడనీ, అవసరంలో ఉన్న అతను ఒప్పుకున్నాడనీ అనుకుందాం. అద్దె, వంతు మారవు. మిగిలిన 1,01,600ను అవే 168 పనిదినాలకు పంచితే రోజుకు సుమారు 605 వస్తుంది. యజమానికి 16,000 ఆదా. ఆ ఆదా సిమెంటులోంచి రాలేదు, ఇనుములోంచి రాలేదు. ఒక్కొక్క మనిషి ఒక్కొక్క రోజు కూలిలోంచి 95 రూపాయల చొప్పున వచ్చింది. కూలి తగ్గడానికి మనుషులు ఒప్పుకోకపోతే పనిదినాలు తగ్గుతాయి. అప్పుడు తడపడం తగ్గుతుంది, ఆధారాలు ముందే విప్పుతారు. ఏ దారిన పోయినా ఆ 16,000 ఎక్కడో ఒకచోట చెల్లుతుంది.

చట్టం ఈ సంగతిని గుర్తించకపోలేదు. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం 'కాంట్రాక్టరు' నిర్వచనంలోనే ఉపగుత్తేదారును చేర్చింది. అతను కూలి చెల్లించకపోతే ప్రధాన యజమాని చెల్లించాలని ఆదేశించింది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం 1996లో ప్రత్యేక చట్టం, నిర్మాణ వ్యయంపై సెస్సు వచ్చాయి. ఈ అంశాలను 2020 నాటి కార్మిక స్మృతుల్లో విలీనం చేశారు. కూలి ఎగవేతకు చివరి బాధ్యత పైవాడిదే అయినప్పుడు, కూలికి చాలని ధరను అంగీకరించడం పైవాడికే ప్రమాదం. పరిశీలన పట్టికలో పనిదినాల వరుస ఉండాలనడం దయ కాదు, లెక్క.

చెల్లింపు గడువు కూడా ధరలో దాగిన అంశమే. తనకు పైనుంచి బిల్లు వచ్చినప్పుడే కిందివారికి ఇస్తానన్న షరతు ఉపగుత్తల్లో సర్వసాధారణం. బ్రిటన్ 1996 చట్టంతో నిర్మాణ ఒప్పందాల్లో ఇటువంటి షరతును చాలావరకు చెల్లకుండా చేసింది. మన సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం (2006) నమోదైన చిన్న సంస్థలకు గరిష్ఠంగా 45 రోజుల గడువు విధించింది. ఏ నమోదూ లేని మేస్త్రీకి ఆ రక్షణ అందదు. అతను ఆ జాప్యానికి వడ్డీని ధరలో కలుపుకోవాలి, లేదా కూలీల చేత మోయించాలి.

7. పెద్ద పనుల్లో ఇదే ప్రశ్న:

ఇది ఊరి ఇళ్లకే పరిమితమైన విషయం కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో రివర్స్ టెండరింగ్ ప్రవేశపెట్టింది. మొదట వచ్చిన తక్కువ ధరను ఆధారంగా చేసుకొని పోటీదారులు ఇంకా కిందికి పాడే ఈ పద్ధతిని తెలుగులో 'దిగుపాట' అనవచ్చు. పోలవరం ప్రధాన పనుల్లో 12.6 శాతం తక్కువకు పని అప్పగించి వందల కోట్ల ఆదా చూపారు. 2024లో తరువాతి ప్రభుత్వం ఆ విధానాన్ని రద్దు చేసింది. రెండు నిర్ణయాల చుట్టూ జరిగిన చర్చ ప్రజాధనం ఎంత మిగిలింది, నాణ్యత ఏమైంది అన్న ప్రశ్నల చుట్టూనే తిరిగింది. పైస్థాయిలో తగ్గిన శాతం ఉపగుత్తల మెట్లు దిగుతూ ఎవరి దగ్గర ఆగిందన్నది చర్చకు రాలేదు.

అదే ప్రాజెక్టులో 2018లో పూర్తయిన డయాఫ్రం గోడను నిర్మించినది ప్రత్యేక నైపుణ్యం గల సంస్థలు, ప్రధాన గుత్తేదారు కాదు. ఆ గోడ తరువాతి వరదల్లో దెబ్బతిన్నది. 2025లో కొత్త గోడ పని మొదలైంది. కారణాలపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. వాటిలో తీర్పు చెప్పడం ఈ వ్యాస పరిధి కాదు. ఇంత పెద్ద నిర్మాణంలో ఒక భాగం భవిష్యత్తు ధరమీద ఒక్కదానిమీదే కాక, పనుల క్రమం మీద, ఒకరి పనికి మరొకరి పని అందే సమయం మీద ఆధారపడుతుందని మాత్రం దీనివల్ల తెలుస్తుంది. ఉపగుత్తేదారును ఎంచుకొనే పట్టికలో ఆ క్రమానికి వరుస ఉండాలి.

కేవలం తక్కువ ధర చాలదన్న గుర్తింపు నిబంధనల్లోకీ వస్తోంది. కేంద్ర ఆర్థికశాఖ 2021 అక్టోబరు ఉత్తర్వులు కొన్ని పనులకు నాణ్యతను కూడా లెక్కించే పద్ధతిని అనుమతించాయి. అయితే ధరేతర అంశాల వాటా 30 శాతం మించకూడదన్నాయి. ఐరోపా సమాఖ్య 2014 ఆదేశం అసాధారణంగా తక్కువ ధర వచ్చినప్పుడు వివరణ అడిగి తీరాలంటుంది. ఆ వివరణలో కార్మిక నియమాల పాటింపు, ఉపగుత్త బాధ్యతలు కూడా ఉండవచ్చు. తిరస్కరించే ముందు అడగడం, అంగీకరించే ముందు కూడా అడగడం అన్న ఈ పద్ధతి, లోపించిన పాదాన్ని సొంతంగా పూరించరాదన్న మన పరిష్కర్తల నియమానికి దగ్గరగా ఉంది.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది. ధరను దాటి చూసే అధికారం ఇస్తే పక్షపాతానికి, లంచానికి దారి ఏర్పడుతుందనీ, అంకె ఒక్కటే నిష్పక్షపాతమనీ వాదిస్తారు. ఈ భయం నిరాధారం కాదు. దీనికి సమాధానం విచక్షణను వదులుకోవడం కాదు, దానిని రాతలో పెట్టడం. పరిష్కర్త తాను స్వీకరించిన పాఠంతోపాటు తిరస్కరించిన పాఠాంతరాలను అధోజ్ఞాపికలో చూపుతాడు. చదువరి ఆయనతో విభేదించవచ్చు. అలాగే పరిశీలకుడు ఏ లోపాన్ని ఎంత విలువ కట్టి పూరించాడో, ఎవరిని ఏమి అడిగాడో పట్టిక కింద నమోదు చేస్తే, ఆ నిర్ణయాన్ని ప్రశ్నించే వీలు అందరికీ ఉంటుంది. కారణం రాయని తక్కువ ధర కంటే కారణం రాసిన ఎక్కువ ధరే పారదర్శకం.

8. ముగింపు:

1. గుత్త, పాట, గంపగుత్త, మేస్త్రీ వంటి పదాలు ధర నిర్ణయ పద్ధతుల చరిత్రను తమలో నిలుపుకొన్నాయి. నిర్మాణరంగ పరిభాష తెలుగు పరిశోధనకు విస్తృతమైన క్షేత్రం.

2. తక్కువ ధర నైపుణ్యం వల్ల, పొరపాటు వల్ల, అవసరం వల్ల ఏర్పడవచ్చు. మూడోదాన్ని గుర్తించడానికి మన చీటీపాట అనుభవమే చాలు.

3. ధరపత్రాలను గ్రంథపాతం, ప్రక్షిప్తం, లేఖకదోషం, పాఠాంతరం అనే నాలుగు కోణాల్లో సరిపోల్చిన తరువాతే అంకెలను పోల్చాలి.

4. సామగ్రి యజమానిదైన ఉపగుత్తలో ప్రతి తగ్గింపూ కూలి నుంచో పనిదినాల నుంచో వస్తుంది. కాబట్టి ప్రతి ధరపత్రంలో మనుషుల సంఖ్య, రోజుల సంఖ్య రాయించాలి.

5. స్వీకరణకూ, తిరస్కరణకూ కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలి.

సంగం ఆనకట్ట నుంచి కనిగిరి జలాశయం మీదుగా వచ్చే నీటితో వరి పండించే ఈ ప్రాంతపు రైతు, కాలువ మొదట్లో ఎంత నీరు వదిలారని అడిగి ఊరుకోడు. చివరి కయ్యకు ఎంత అందిందో వెళ్లి చూస్తాడు. ఉపగుత్త ధరను పరిశీలించేవారు అనుసరించదగిన పద్ధతి అదే. తాజమహలు కూలీల పేర్లు ఇప్పుడు మనకు దొరకవు. మన ఊళ్లో ఈ రోజు స్లాబు మీద నిలబడి ఉన్న మనిషి పేరు, అతని కూలి తెలుసుకోవడానికి మాత్రం ఒక్క ధరపత్రం శ్రద్ధగా చదివితే చాలు.